ఆ ఒక్క పాట చీటీ గురించి: గోదావరి డెల్టా ఉత్సవ కమిటీల పెద్దలకు బహిరంగ లేఖ

తీర్థాలు, జాతరలు, నవరాత్రి ఉత్సవాలు నడిపే కమిటీల అధ్యక్షులకు, కోశాధికారులకు, చందాల పుస్తకం పట్టుకుని ఎండలో తిరిగే సభ్యులందరికీ,

నమస్కారములు.

నేను కోనసీమలో మైక్ సెట్ పని చేసుకుని బతికేవాడిని. మా నాన్నగారు కొబ్బరిచెట్టు ఎక్కి బాకాలు కట్టిన రోజుల నుంచి నేను మిక్సర్ ముందు కూర్చునే ఈ రోజు వరకు, గోదావరి పాయలకు ఇటూ అటూ ఉన్న మీ ఊళ్ళలో ఏదో ఒక సంబరానికి మా ఇంటి సామాను వస్తూనే ఉంది. స్టేజీ మీద ఏం జరుగుతున్నదో ముందు వరస కుర్చీల్లో కూర్చున్నవారికి కనిపిస్తుంది గానీ, స్టేజీకీ జనానికీ మధ్య ఏం జరుగుతున్నదో మిక్సర్ దగ్గర కూర్చున్నవాడికే బాగా తెలుస్తుంది. నాకున్న అర్హత అదొక్కటే. అది పెట్టుకునే ఈ లేఖ రాస్తున్నాను.

మొన్నటి సంక్రాంతి రోజుల్లో ఒక ఊళ్ళో జరిగిన సంగతితో మొదలుపెడతాను. ఊరి పేరు రాయను. ఆ కమిటీవారితో నాకు ముప్పై ఏళ్ళ పరిచయం, వారిని పదిమందిలో నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. ఆ రాత్రి కచేరీకి వచ్చింది మన లంక గ్రామాల కుర్రాళ్ళ బ్యాండు. నలుగురు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద పాతిక లక్షల క్యూసెక్కులు దాటి లంకలు మునిగినప్పుడు, ఇళ్ళు వదిలి పడవ ఎక్కిన జనం మీద వాళ్ళు ఒక పాట కట్టారు. ఒక గిటారు, ఒక డోలక్కు, అడుగున తెడ్డు నీళ్ళను తోసే చప్పుడు, అంతే. ఆ పాట ఫోన్లలో పడి ఊరూరా తిరిగింది. ఆటోలలో వినిపించింది, పెళ్ళి వీడియోల్లోకి కూడా ఎక్కింది. వరద పాటను పెళ్ళిలో ఎందుకు పెట్టుకున్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు, అది వేరే మాట. అప్పటి నుంచి డెల్టాలో ఏ కమిటీ వాళ్ళను పిలిచినా, బయానా ఇచ్చే చేత్తోనే ‘ఆ పాట ఉంటుంది కదా’ అని అడుగుతున్నది.

ఆ రాత్రి వాళ్ళు ఆ పాటను రెండోదిగా పాడారు. జనం ఫోన్లు పైకెత్తారు, ఈలలు వేశారు, అంతా సవ్యంగానే ఉంది. తరువాత కొత్తవి మొదలుపెట్టారు. వాటిలో గిటారు తక్కువ, సింథసైజరు ఎక్కువ. డోలక్కుకు బదులు గరగల వాళ్ళు వాయించే డప్పు దరువు. ఒక పాటలోనైతే నాలుగు నిమిషాల పాటు మాట అనేదే లేదు. కుర్చీల్లో కదలిక నాకు ఇక్కడి నుంచే తెలిసింది. ముందు పల్లీలు, జీళ్ళు అమ్మేవాళ్ళ వైపు కొందరు లేచారు, తరువాత వెనక వరసలు పలచబడ్డాయి. అప్పుడు ఆ పాటే మళ్ళీ పాడమని స్టేజీ మీదకు చీటీ వెళ్ళింది. పాడే కుర్రవాడు చీటీ చదివి, మడిచి, నీళ్ళ సీసా కింద పెట్టాడు. కాసేపటికి రెండో చీటీ వెళ్ళింది. ఆ పాటనే మళ్ళీ పాడారు. మూడోసారి కూడా పాడమని కమిటీ పెద్ద ఒకరు మెట్లెక్కి మైకు అందుకుని చెప్పినప్పుడు, ఆ కుర్రవాడు చేతులు జోడించి, ‘మన్నించండి, కొత్తది ఒకటి పాడి ముగిస్తాం’ అన్నాడు. అలాగే పాడి ముగించాడు. మర్నాడు పొద్దున లెక్క చూసేటప్పుడు వాళ్ళకు రావలసిన దానిలో నాలుగోవంతు ఆపేశారు. మాట తప్పారని కారణం చెప్పారు.

వాళ్ళు ఏ మాట తప్పారో నేను ఆలోచిస్తూనే ఉన్నాను. పాట ఉంటుందన్నారు, ఉంది. రెండుసార్లు ఉంది. కుర్రాళ్ళు పాటను మార్చలేదు, తాము మారారు. మీ ఫిర్యాదు అసలు ఆ మార్పు మీదనే అని నాకు అనిపిస్తున్నది. ‘ఒక పాటకు పేరొచ్చింది, ఇక నేల మీద నిలవడం లేదు’ అని ఆ రోజు నా పక్కన కూర్చున్న పెద్దాయన అన్నారు. ఈ మాట చాలా పాతదనీ, ఇంతకన్నా చాలా పెద్ద బ్యాండు మీద ఇంతకన్నా గట్టిగా అన్నారనీ చెప్పడానికి మిమ్మల్ని కొంచెం దూరం తీసుకువెళ్తాను.

ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ పక్కన ఆబింగ్డన్ అనే ఊరుంది. అక్కడి ఒక బడిలో చదువుకున్న ఐదుగురు కుర్రాళ్ళు 1985లో ఒక బ్యాండు కట్టారు. శుక్రవారం నాడు సాధన చేసేవారు గనుక పేరు కూడా ‘ఆన్ ఎ ఫ్రైడే’ అనే పెట్టుకున్నారు. టామ్ యార్క్, జానీ గ్రీన్‌వుడ్, అతని అన్న కాలిన్, ఎడ్ ఒబ్రయన్, ఫిలిప్ సెల్వే. 1991లో రికార్డుల కంపెనీ వారితో ఒప్పందం కుదిరాక పేరు రేడియోహెడ్‌గా మారింది. వారిది ఆల్టర్నేటివ్ రాక్ అనే తరహా. గిటార్లు, డ్రమ్స్ ఉంటాయి గానీ మామూలు రాక్ పాటల హుషారును కావాలనే పక్కన పెట్టే సంగీతం. 1992 సెప్టెంబరులో వారి పాట ‘క్రీప్’ వచ్చింది. మొదట బీబీసీ రేడియో వారికి అది మరీ దిగులుగా ఉన్నదనిపించింది, పెద్దగా వేయలేదు, రికార్డు అమ్ముడుపోలేదు. తరువాత ఇజ్రాయెల్ రేడియోలో మోగింది, అమెరికాకు పాకింది, 1993లో మళ్ళీ విడుదల చేస్తే సొంత దేశపు అమ్మకాల పట్టికలో 7వ స్థానానికి ఎక్కింది.

ఈ పాట గురించి మైక్ సెట్ మనిషిగా ఒక సంగతి చెప్పాలి. నాలుగే కార్డులు, అంటే కలిపి మీటే స్వరగుచ్ఛాలు, మొదటి నుంచి చివరి దాకా తిరుగుతూ ఉంటాయి. పాట మెల్లగా, దాదాపు గొణుగుతున్నట్టుగా నడుస్తుంది. పల్లవి అందుకోబోయే ముందు గిటారు మీద ‘ఖర్ర్, ఖర్ర్’ మని మొరటు దెబ్బలు పడతాయి. తీగలను సగం నొక్కిపట్టి కొట్టిన దెబ్బలు, అందులో స్వరం ఉండదు. వెంటనే పాట విరుచుకుపడుతుంది. ఆ దెబ్బలు కొట్టింది జానీ గ్రీన్‌వుడ్. అతనికి ఆ పాటలోని మెత్తదనం నచ్చలేదు. దాన్ని చెడగొట్టాలనే అలా కొట్టాడని బ్యాండు సభ్యులే చెప్పారు. చెడగొట్టబోయిన ఆ చప్పుడే పాటకు ప్రాణమైంది. ఈ రోజు కూడా లక్షమంది ఒకేసారి ఊపిరి బిగబట్టి ఎదురుచూసేది ఆ దెబ్బల కోసమే.

పెద్దలు ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకోవాలని నా మనవి. జనాన్ని పట్టిన పాటలో జనానికి నచ్చినదేమిటంటే, ఉన్న తీరుకు ఒదగనన్న ఒక కుర్రవాడి మొండితనం. ఆ మొండితనమే ముందు ముందు వారి బాణీని మార్చింది. ఒకదాన్ని మెచ్చుకుని రెండోదాన్ని తప్పు పట్టడం, చెట్టు కాయ తీపి గానీ వేరు మాత్రం వంకర అన్నట్టుగా ఉంటుంది.

ఆ తరువాత వారికీ మన కుర్రాళ్ళ కష్టమే వచ్చింది. ఎక్కడికి వెళ్ళినా ఆ పాటే కావాలని కేకలు. ఆ పాట అయిపోగానే లేచి వెళ్ళిపోయేవారు కొందరు. 1994లో వారు ‘మై ఐరన్ లంగ్’ అనే పాట చేశారు. పూర్వం పోలియోతో ఊపిరి ఆడనివారిని మెడ దాకా ఒక ఇనుప గొట్టంలో పడుకోబెట్టేవారు. అది ఊపిరి ఆడిస్తుంది, మనిషిని మాత్రం బయటకు రానివ్వదు. పేరు తెచ్చిపెట్టిన పాట తమకు అలాంటి ఇనుప గొట్టమైందన్నది ఆ పాట సారం. కృతఘ్నత అని అప్పట్లో అన్నవారు ఉండే ఉంటారు. నాకు మాత్రం అది నిజాయితీగానే తోస్తుంది. ఆ గొట్టమే తమను బతికించిందని ఆ పోలికలోనే ఒప్పుకున్నారు కదా.

1995లో ‘ది బెండ్స్’ వచ్చింది. అందులో గిటార్లు ఇంకా ఉన్నాయి, పదునెక్కాయి. 1997లో ‘ఓకే కంప్యూటర్’. దాని నుంచి మొదట బయటకు వదిలిన పాట ఆరు నిమిషాలు దాటుతుంది. మూడు నాలుగు వేరు వేరు ముక్కలు కుట్టినట్టుగా ఉంటుంది, రేడియోకు పనికివచ్చే కొలత కాదు. అయినా ఆ ఆల్బమ్ ఇంగ్లండులో మొదటి స్థానానికి వెళ్ళింది, గ్రామీ అవార్డు కూడా వచ్చింది. నేను కాకినాడలో చదువుకునేటప్పుడు హాస్టలు గదిలో ఒక మిత్రుడి దగ్గర క్యాసెట్టు మీద విన్నది అదే. ఇంత ప్రపంచం ఉందా అనుకున్నాను.

ఆ తరువాతి కథ ఈ లేఖకు అసలు ముఖ్యం. 2000 అక్టోబరులో ‘కిడ్ ఎ’ వచ్చింది. అందులో గిటారు ఉన్నదా అని వెతుక్కోవాలి. మొదటి పాటలో సింథసైజరు, దాని చుట్టూ టామ్ యార్క్ గొంతును ముక్కలు ముక్కలుగా కోసి, అటుదిటు చేసి పేర్చిన శబ్దాలు. ఇంకొక పాటలో అదుపు తప్పినట్టు మోగే బాకాల బృందం. మరొకదానిలో డ్రమ్ మెషీన్ మీద, 1973లో పాల్ లాన్‌స్కీ అనే ఆయన కంప్యూటరుతో చేసిన సంగీతం నుంచి తీసుకున్న నాలుగు స్వరగుచ్ఛాలు. బ్యాండులో అందరికీ ఇది ఇష్టమయ్యిందనుకోకండి. ఎడ్ ఒబ్రయన్ పొట్టి గిటారు పాటలకే తిరిగి వెళ్దామన్నవాడు. చేతిలో గిటారు ఉండి, వాయించడానికి పాటలో చోటు లేక కూర్చున్న మనిషి కష్టం ఎలాంటిదో ఊహించండి. అయినా నిలబడ్డారు. ఆ ఆల్బమ్ నుంచి విడిగా ఒక్క పాటను కూడా ‘సింగిల్’గా విడుదల చేయలేదు, మామూలు పద్ధతిలో వీడియోలు తీయలేదు. అయినా అది విడుదలైన వారంలోనే అమెరికాలోనూ ఇంగ్లండులోనూ మొదటి స్థానంలో నిలిచింది.

నేను దాన్ని మొదటిసారి 2001లో విన్నప్పుడు సీడీ పాడైందనుకున్నాను. ఇది అతిశయోక్తి కాదు. ప్లేయరు మూత తీసి, దూదితో లెన్సు తుడిచి, మళ్ళీ వేశాను. గొంతు అలాగే తెగి తెగి వినిపించింది. చాలా కోపం వచ్చింది. దాచుకున్న డబ్బు పెట్టి హైదరాబాదులో కొన్నది! ఆరు నెలలు ముట్టలేదు. తరువాత ఒక శివరాత్రి జాగరణ అయ్యాక, తెల్లవారుజామున వైర్లు చుట్టుకుంటూ, జనం వెళ్ళిపోయిన మైదానంలో స్పీకర్లు ఎలా ఉన్నాయో చూద్దామని దాన్నే పెట్టాను. ఖాళీ నేల మీద, మంచులో, ఆ తెగిన గొంతు ఎక్కడో కాలవ అవతల నుంచి ఎవరో పిలుస్తున్నట్టుగా వినిపించింది. అప్పుడు పట్టుబడింది. కనుక కొత్త బాణీ వినగానే మీకు చిరాకు వేస్తే నేను తప్పు పట్టను. ఆరు నెలలు పట్టినవాడిని, ఆరు నిమిషాలలో మీకు నచ్చాలని ఎలా అంటాను?

ఇదంతా దొరల దేశం సంగతి, మనకెందుకు అంటారేమో. మన డెల్టా సంగతే చూడండి. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ చేతికి వచ్చిన వాద్యం మాండలిన్. పాశ్చాత్యుల మాండలిన్‌కు తీగలు నాలుగు జతలుగా ఉంటాయి, గమకం పలకదు. ఆ పిల్లవాడు కరెంటు మాండలిన్ పట్టుకుని, జతలు తీసేసి విడి తీగలు పెట్టుకుని, చివరకు ఐదు తీగల వాద్యంగా మార్చుకుని, దాని మీద కర్ణాటక సంగీతం పలికించాడు. వీణ ఉండగా ఈ కరెంటు వాద్యం ఏమిటని పెదవి విరిచినవారు లేకపోలేదు. ఆ వాద్యం పేరే ఆయన ఇంటిపేరయింది. ఆ తరువాత గిటారిస్టు జాన్ మెక్‌లాగ్లిన్‌తో కలిసి వాయించినప్పుడు మనం గర్వపడ్డాం గానీ దారి తప్పాడని అనలేదు. రాజోలు సీమలో, శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ నాలుగే స్వరాలతో రాగాలు కట్టినప్పుడు మద్రాసు విద్వాంసుల మధ్య ఎంత రభస జరిగిందో పాతవారికి గుర్తుండే ఉంటుంది. ఈ రోజు ఆయన పేరు చెప్పి మన జిల్లా అని ఛాతీ విరుచుకుంటాం.

అంతదాకా ఎందుకు, గుడిలో మేళం వాయించేవారిని చూడండి. నిరుడు కల్యాణం నాడు సన్నాయి విద్వాంసుడు తోడి రాగం అరగంట ఆలపించాడు, బాగుంది. ఈ ఏడు మళ్ళీ వచ్చినప్పుడు, నిరుటి సంగతులనే, అదే వరసలో, పొల్లుపోకుండా వాయించమని మీలో ఎవరైనా అడిగారా? అడిగితే ఆయన నవ్వుతాడు. అదే రాగం అయినా ఈ ఏటిది ఈ ఏటిదే అని మనకు పుట్టుకతో తెలుసు. గిటారు పట్టుకున్న కుర్రవాడి దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆ తెలివిడి మనకు ఎందుకు ఉండటం లేదో నాకు తెలియడం లేదు.

కారణం ఒకటి తోస్తున్నది. మనకు స్టేజీ అంటే ఆర్కెస్ట్రా అలవాటు. సినిమా పాటలు పాడే ఆర్కెస్ట్రాకు చీటీ పంపడం న్యాయమే. వారు వచ్చిందే మనం అడిగిన పాట వినిపించడానికి. సొంత పాటలు కట్టుకునే బ్యాండు మాత్రం మేళం లాంటిది. రెండింటికీ బయానా ఒకేలా ఇస్తాం గనుక రెండూ ఒకటే అనుకుంటున్నాం.

మీ ఇబ్బంది కూడా నాకు తెలుసు. ఇంటింటికీ తిరిగి చందా వసూలు చేసినవారు మీరు. ఎక్కువ చందా రాసినాయన ముందు వరసలో కూర్చుని ఆ పాట మళ్ళీ కావాలంటే కాదనడం కష్టం. పైగా రేడియోహెడ్ వెనక పెద్ద కంపెనీ ఉంది, అప్పటికే లక్షల రికార్డుల అమ్మకం ఉంది. మొండికేసినా పూట గడిచేది. మన కుర్రాళ్ళకు సంక్రాంతి నుంచి ఉగాది వరకు దొరికే బుకింగులే ఏడాది తిండి. వాళ్ళలో ఒకడు మిగతా నెలలు రొయ్యల చెరువు దగ్గర ఏరేటర్లు చూసుకుంటాడు. అందుకే వాళ్ళ మీద నాలుగోవంతు కోత పడితే అది పాఠం కాదు, అప్పు అవుతుంది. వచ్చే ఏడు వాళ్ళు మీ మాట వింటారు కూడా, ఆ పాటనే ఐదుసార్లు పాడతారు. ఆ తరువాతి ఏడు వాళ్ళను ఎవరూ పిలవరు, ఎందుకంటే అప్పటికి అది అందరికీ మొహం మొత్తి ఉంటుంది.

వదిలేస్తే పాట ఎక్కడికీ పోదు. రేడియోహెడ్ వారు ‘క్రీప్’ను ఏళ్ళ తరబడి పక్కన పెట్టారు. మధ్యలో 2009లో రెడింగ్ ఉత్సవంలో దానితోనే కచేరీ మొదలుపెట్టారు. మళ్ళీ మానేశారు. 2016లో పారిస్‌లో ఒక రాత్రి మళ్ళీ అందుకున్నారు, మరుసటి ఏడు గ్లాస్టన్‌బరీ ఉత్సవంలోనూ పాడారు. ఎవరూ మెట్లెక్కి మైకు లాక్కోలేదు. తమకు ఆ పాట మళ్ళీ కొత్తగా వినిపించిన రోజున పాడారు. జానీ గ్రీన్‌వుడ్ అయితే జోధ్‌పూర్ కోటలో రాజస్థానీ వాద్యకారుల పక్కన కూర్చుని ‘జునూన్’ అనే ఆల్బమ్ చేయడానికి కూడా వచ్చాడు, 2015లో అది విడుదలైంది. ఆ మొరటు దెబ్బలు కొట్టిన చెయ్యి అక్కడిదాకా వెళ్ళింది.

ఇక ఆ సంక్రాంతి రాత్రి గురించి మీకు తెలియని ఒక ముక్క చెబుతాను. మాటలు లేని ఆ నాలుగు నిమిషాల పాట నడుస్తుండగా, జనరేటరు చూసుకునే అతను నా దగ్గరకు వచ్చి, చెవి దగ్గర వంగి, ‘బాబాయ్, ఆ అడుగున కొట్టుకుంటున్నది మన ఐదు హెచ్‌పీ నీళ్ళ ఇంజను చప్పుడు కదూ?’ అని అడిగాడు. అవును. తూము దగ్గర ఫోను పెట్టి రికార్డు చేసి, దాన్ని లయగా పెట్టుకున్నారు వాళ్ళు. వరద తీశాక మునిగిన చేలలో నుంచి నీళ్ళు తోడిన ఇంజన్ల చప్పుడది. మొదటి పాట పడవ ఎక్కిన రోజు మీద అయితే, ఇది దిగి ఇంటికి వచ్చిన రోజు మీద. రెండూ ఒకే కథ. కుర్చీల్లో ఉన్నవారికి అది తెలియకపోవడానికి కారణం వారి మొద్దుతనం కాదు, ఆ పాటను రెండోసారి వినే అవకాశం వారికి లేకపోవడం. రెండోసారికి దక్కవలసిన సమయాన్ని పాత పాట తినేసింది.

సమయం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 గంటల తరువాత బయట మైకు మోగకూడదు. ఏడాదిలో 15 రోజులకు మించకుండా పండుగలకు అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే అధికారం ప్రభుత్వానికి ఉంది. ఆ సడలింపు అన్ని ఊళ్ళకూ, అన్ని రాత్రులకూ దొరకదని మీకు నాకన్నా బాగా తెలుసు. సన్మానాలు, ఉపన్యాసాలు అయ్యి బ్యాండు స్టేజీ ఎక్కేసరికి ఎనిమిదిన్నర అవుతుంది. మిగిలిన గంటన్నరలో ఒకే పాట మూడుసార్లంటే పావుగంట పైమాటే.

అందుచేత నా ప్రార్థన చిన్నది. బయానా ఇచ్చే రోజునే వాళ్ళతో కూర్చుని మాట్లాడుకోండి. ఆ పాట ఒక్కసారి ఉంటుంది, ఎప్పుడు పాడాలో వాళ్ళు చూసుకుంటారు, మిగతా సమయం వాళ్ళది అని ఒప్పందం కాగితం మీదనే రాయండి. కచేరీకి ముందు సాయంత్రం ఒక అరగంట మాకు మైదానం ఇవ్వండి. కొత్త బాణీలో కింది స్వరాలు ఎక్కువ. కొబ్బరితోటల మధ్య అవి ఒక మూల గుమ్మెత్తిపోతాయి, ఇంకో మూల అసలు వినిపించవు, సరిచూసుకోకపోతే మంచి పాట కూడా రొదగానే ఉంటుంది. ఆ రాత్రి జనం లేవడంలో నా తప్పు కొంత ఉందని ఇక్కడే ఒప్పుకుంటున్నాను. ఆ అరగంట నేను అడగలేదు. ఆపిన ఆ నాలుగోవంతు సంగతి ఆ కమిటీవారికే వదిలేస్తున్నాను. వారు ఈ లేఖ చదివితే ఎవరి గురించో వారికి తెలుస్తుంది.

ఇకపైన ఏ ఊళ్ళోనైనా చీటీ రాయక తప్పకపోతే, దయచేసి దాన్ని స్టేజీ మీదకు పంపకండి. నేను మిక్సర్ దగ్గరే ఉంటాను, నా చేతికి ఇవ్వండి. నా జేబు పెద్దదే.

ఇట్లు
మీ మైక్ సెట్ మనిషి,
కోనసీమ